బ్రౌనుదొర

రెడ్డిగూడెము చుట్టుప్రక్కల పల్లెలలో నేను చదువుకొను దినములలో, పంతులుగారు ఉక్తలేఖనము చెప్పి ముగించిన పిదప మా పలకలను మమ్మే దిద్దుకొననిచ్చెడివారు కారు. పలకలు మార్చుకొమ్మని ఆజ్ఞ యిచ్చెడివారు. నా పలక ప్రక్కనున్న బాలుని చేతికి పోయెడిది. వాని పలక నాకు వచ్చెడిది. అంతవరకు నా వ్రాతలో తప్పే లేదని నమ్మియున్న నాకు, వాడు చుట్టిన సున్నలను చూచినంతనే సిగ్గు కలిగెడిది. వదలిపెట్టిన ఒత్తు, మరచిన దీర్ఘము నేను నాలుగు మారులు చదివినను నా కంటబడలేదు. వానికి ఒక్క చూపులో కనబడినవి. తరువాత ముప్పది యేండ్లకు పైగా ఉపాధ్యాయత్వము నెరపి, ఈ వింతను వేలకొలది పలకలమీదను నోటుపుస్తకములమీదను చూచితిని. వ్రాసినవాడు తన వ్రాతను చదువునప్పుడు పలకమీది అక్షరములను చదువడు. తన మనసులోని అక్షరములను చదువును.

నేడు మన పల్లెల పిల్లలు పెక్కుమంది హైదరాబాదు, బెంగుళూరు నగరములలో చేయుచున్న సాఫ్టువేరు పనిలోను ఈ పలకల మార్పిడి కలదు. కంప్యూటరు చేయవలసిన పనిని ఆదేశములుగా వ్రాయువారు ఒక జట్టు; ఆ ఆదేశములు సరిగా ఉన్నవో లేవో పరీక్షించువారు వేరొక జట్టు. బ్యాంకు పద్దులను, రైలు టిక్కెట్లను, ఆసుపత్రి యంత్రములను, ఆకాశమునకు పంపు రాకెట్లను నడుపు ఆదేశములలో ఒక్క గుర్తు తప్పినను గొప్ప నష్టము వాటిల్లవచ్చును. అందుచేత వ్రాసినవారి మాటను మాత్రమే నమ్మి ఊరకుండరు. అమెరికా అంతరిక్షసంస్థయైన నాసా ఇట్టి పరీక్షకొరకే 1993వ సంవత్సరమున పశ్చిమ వర్జీనియాలోని ఫెయిర్‌మాంటు పట్టణమున ఒక ప్రత్యేక కేంద్రమును నెలకొల్పెను.

ఈ పద్ధతి యంత్రములతో పుట్టినది కాదు. కంప్యూటరు పేరైనను వినబడని కాలమున, ఒక ఆంగ్లేయుడు మన తెలుగుదేశములో, మన తెలుగు పద్యములకొరకు, తాటాకులమీద దీనిని అవలంబించెను. ఆయన పేరు చార్లెస్ ఫిలిప్ బ్రౌను.

బ్రౌను 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను మతాచార్యుడు, పెక్కు భాషలయందు ఆసక్తి కలవాడు. ఆయన తన కుమారులకు చిన్నతనముననే పలు ప్రాచీన భాషలను నేర్పించెను. 1812లో తండ్రి మరణింపగా కుటుంబము ఇంగ్లండునకు వెడలిపోయెను. అచ్చట హెయిలీబరీ కళాశాలలో ఈస్టిండియా కంపెనీ కొలువునకు కావలసిన చదువు ముగించుకొని, 1817లో బ్రౌను చెన్నపట్టణము చేరెను. అప్పటికి ఆయనకు తెలుగున ఒక్క అక్షరమును రాదు. వెలగపూడి కోదండరామ పంతులుగారు ఆయనకు ఓనమాలు దిద్దించిరి. మూడేండ్లలో పరీక్ష నిచ్చి, 1820లో కడప కలెక్టరు హాన్‌బరీ క్రింద సహాయకుడుగా చేరెను. హాన్‌బరీ తెలుగు చక్కగా మాట్లాడెడివాడు. ప్రజల భాష రాని అధికారి ప్రజలకు న్యాయము చేయజాలడని బ్రౌను అచ్చటనే గ్రహించెను.

1822లో ఆయనకు మన మచిలీపట్టణమునకు బదిలీ యయ్యెను. అచ్చట న్యాయస్థానములో పని. న్యాయాధికారి పని ఎట్టిదో మీరెరుగుదురు. ఒక సాక్షి చెప్పినదానిని విన్నంతనే తీర్పు చెప్పరాదు. రెండవ సాక్షిని పిలువవలెను. ఇరువురును ఒకే మాట చెప్పినచో, ముందుగా కూడబలుకుకొని వచ్చిరేమో విచారింపవలెను. ఈ అలవాటు ఆయనకు తరువాత పుస్తకముల పనిలో మిక్కిలి తోడ్పడినదని నా యభిప్రాయము.

1824లో దుబాయి అను ఫ్రెంచి మతాచార్యుడు హిందువుల ఆచారములను గూర్చి వ్రాసిన గ్రంథము బ్రౌను చేతికి వచ్చెను. అందు వేమన ప్రస్తావన యుండెను. ఆ వేమన పద్యములను చదువవలెనని ఆయనకు కోరిక పుట్టెను. పండితులను అడిగెను. వారిలో పలువురకు వేమన యన్న చులకన. పామరులు పాడుకొను పద్యములకు దొరగారు ఇంత శ్రమపడనేల యని వారి తలంపు. బ్రౌను వినలేదు. ఊరూర విచారించి వేమన వ్రాతప్రతులను తెప్పింపసాగెను. ప్రతులు వచ్చినవి, చిక్కు అప్పుడే మొదలయ్యెను. ఏ రెండు ప్రతులును ఒక్క తీరుగా లేవు.

ఇది ఎందువలన కలిగినదో మీరు తెలిసికొనవలెను. ఆ కాలమున మన గ్రంథములలో మిక్కిలి పెక్కులు తాటాకులమీదనే యుండెను. లేఖకుడు గంటముతో ఆకుమీద గీసి, మసి పూసి, అక్షరములు కనబడునట్లు చేసెడివాడు. మాటకును మాటకును నడుమ ఎడము విడిచెడి ఆచారము లేదు. ఆకు చీలునేమోయని కొన్ని గుర్తులను తేలికగా గీసి వదలెడివారు. అందువలన పకారము వకారముగను, ధకారము థకారముగను కనబడుచుండెను. రెండు పంక్తులు ఒకే మాటతో మొదలైనచో లేఖకుని కన్ను మొదటిదానినుండి రెండవదానికి జారి, నడుమనున్నదంతయు ఎగిరిపోయెడిది. ఒకడు చదువుచుండగా వేరొకడు వినుచు వ్రాయుటయు కలదు. అప్పుడు చెవి చేయు తప్పులు కంటి తప్పులకు తోడయ్యెడివి. చెదపురుగులు, వానచెమ్మ తినివేసినచోట్లను లేఖకుడు తనకు తోచినట్లు పూరించెడివాడు. ఇట్లు తయారైన ప్రతిని చూచి వేరొకడు మరియొక ప్రతి వ్రాసికొనెడివాడు. తాత తప్పులకు మనుమని తప్పులు చేరుచుండెను. వేమన పద్యములకు మరియొక యిబ్బంది. పద్యములన్నిటికిని మకుట మొక్కటియే యగుటచే, ఎవడైనను ఒక ఆటవెలది కట్టి ఆ మకుటము తగిలించి వేమన తలకు అంటగట్టవచ్చును. అట్లు చేసినవారు పెక్కుమంది.

ఈ దోషములను పట్టుకొనుట ఎట్లు? మొదట ఛందస్సు సాయపడును. గణము చెడినను, యతి తప్పినను, ప్రాస కుదరకపోయినను అచ్చట ఏదో పొరపాటు జరిగినదని తెలియును. బ్రౌను ఈ కిటుకును గ్రహించి, తిప్పాభట్ల వేంకటశివశాస్త్రి, వఠ్యము అద్వైతబ్రహ్మశాస్త్రి అను పండితుల సాయమున ఛందస్సును సాధించెను. 1827లో తెలుగు, సంస్కృత ఛందస్సులపై ఒక గ్రంథమునే ప్రకటించెను. కాని ఛందస్సు అన్ని తప్పులను పట్టీయజాలదు. పద్యము నడుమ ‘పాడు’ అని యుండవలసినచోట ‘వాడు’ అని లేఖకుడు గీసెననుకొనుడు. రెండింటికిని గణము ఒక్కటే. పద్యము హాయిగా నడచును, అర్థము మాత్రము తారుమారగును. సాఫ్టువేరులోను ఇట్లే జరుగును. యంత్రము ఏ యభ్యంతరమును తెలుపక పనిచేసికొని పోవుచుండును, ఫలితము మాత్రము తప్పు. ఇట్టి దోషము పట్టుబడవలెనన్న వేరొక ప్రతి కావలెను, దానిని వేరొక మనుష్యుడు చూడవలెను.

బ్రౌను అవలంబించిన విధాన మిది. ఒక కావ్యమును పరిష్కరింపదలచినప్పుడు ఆయన ఒక్క ప్రతితో తృప్తిపడక, దొరకినన్ని ప్రతులను వేర్వేరు చోట్లనుండి తెప్పించెడివాడు. వానిలో ఒకదానిని కాగితములమీద ఎడము విడిచి వ్రాయించి, పద్యములకు వరుసగా సంఖ్యలు వేయించెడివాడు. మిగిలిన ప్రతులను దానితో పోల్చి, తేడాలన్నిటిని ఆ విడిచిన చోటులలో ఎక్కించెడివారు. ఇంతవరకు లేఖకుల పని. వారికి తప్పొప్పులు నిర్ణయించు అధికారము లేదు. పిమ్మట తెలుగునందును సంస్కృతమునందును వ్యాకరణ ఛందస్సులయందును గట్టివారైన మువ్వురు పండితులు కూర్చుండి, ఆ తేడాలను ఒక్కొక్కటిగా చర్చించెడివారు. ఒకరు సమర్థించిన పాఠమును వేరొకరు ఖండించెడివారు. వాదము తెగనిచోట, ప్రతుల సాక్ష్యమును బట్టి బ్రౌను తుదిమాట చెప్పెడివాడు. వ్రాసినవాడు వేరు, పోల్చినవాడు వేరు, వాదించినవారు వేరు, తీర్పు చెప్పినవాడు వేరు.

పండితులకు ఈ పద్ధతి మొదట రుచించియుండదు. తప్పుగా తోచినదానిని తమ విద్వత్తుతో దిద్దివేయుట వారికి తరతరముల అలవాటు. ఆ దిద్దుబాటు ఎంత సొగసుగా ఉన్నను అది పండితుని మాట యగునుగాని కవి మాట కానేరదు. ఏ ప్రతిలో నున్నదో చూపుడని బ్రౌను నిలదీసెడివాడు. ఆయన ముక్కోపి. పండితులను ఎత్తిపొడుచుటయు కలదు. అయినను వారు లేక తాను ఒక్క అడుగైనను వేయలేనని ఎరిగినవాడు.

ఇందు మరియొక మెలకువ కలదు. పది ప్రతులు ఒకే పాఠమును చూపినంతమాత్రమున ఆ పాఠము సరియైనదని చెప్పరాదు. ఆ పదియు ఒకే తల్లిప్రతిని చూచి వ్రాసినవైనచో, అవి పది సాక్ష్యములు కావు, ఒక్క సాక్ష్యమే. దూరదూరపు ఊళ్లనుండి వచ్చిన రెండు ప్రతులు ఏకీభవించినచో దాని బలము మెండు. ఈ మెలకువ లోపించుటచే మన కాలమున జరిగిన ఒక నష్టమును చెప్పెదను. 1996వ సంవత్సరము జూను 4వ తేదీన ఐరోపా దేశములవారు ఏరియన్-5 అను క్రొత్త రాకెట్టును ప్రయోగించిరి. రాకెట్టు ఎటు పోవుచున్నదో తెలుపు సాధనములు అందు రెండుండెను. ఒకటి చెడినచో రెండవది ఆదుకొనునని వారి తలంపు. కాని రెండింటిలోను ఉన్నది ఒకే సాఫ్టువేరు. ఒకే దోషమునకు రెండును వెంటవెంటనే ఆగిపోయినవి. సుమారు 40 సెకనులలో రాకెట్టు ఆకాశముననే తునాతునకలయ్యెను. రెండు సాధనములు ఉండియు సాక్షి ఒక్కడే యయ్యెను.

ఇక బ్రౌను కథకు వత్తము. ఆయన మచిలీపట్టణమునుండి రాజమహేంద్రవరమునకును, పిమ్మట మరల కడపకును బదిలీ యయ్యెను. 1829లో వేమన పద్యములు 693 ఆంగ్లానువాదముతో సహా అచ్చయినవి. ఆ పని అంతటితో ముగిసినదని ఆయన తలపలేదు. 1839లో మరిన్ని పద్యములతో మరల ప్రకటించెను. కడపలో తోటతో కూడిన బంగళా నొకదానిని కొని, అందు పండితులను లేఖకులను నిలిపి జీతము లిచ్చి పోషించెను. జనులు దానిని బ్రౌను కళాశాల యని పిలిచిరి. జూలూరి అప్పయ్యశాస్త్రి, రావిపాటి గురుమూర్తిశాస్త్రి మొదలగువారు ఆయనకు సాయపడిన విద్వాంసులు. ఈ వ్యయమునకు కంపెనీ ధనము కాదు, తన జీతమునే వెచ్చించెను. అది చాలక అప్పులు చేసెను. కడపలోను మచిలీపట్టణములోను పేద పిల్లలకు ఉచిత పాఠశాలలు పెట్టినదియు ఈ జీతముతోనే. ఇల్లు వాకిలి కట్టుకొని సుఖముగా కాలము గడుపదగిన ఒక ఉద్యోగి, పరభాషా పద్యములలో ఒక అక్షరము ‘ప’యా ‘వ’యా యని తేల్చుటకు అప్పులపాలయ్యెను. తోడి దొరలు నవ్వియుందురు.

1834లో ఉద్యోగమునకు అంతరాయము కలిగి ఆయన ఇంగ్లండునకు పోవలసివచ్చెను. ఇతరులైనచో ఈ దేశమును మరచియుందురు. బ్రౌను లండనులోని కంపెనీ గ్రంథాలయమునకు పోయి, అచ్చట మూలబడియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులను 2,106 కనుగొనెను. వాని పట్టిక తయారుచేసి, గ్రంథాలయాధికారి విల్సను సాయముతో వానిని చెన్నపట్టణమునకు పంపించు ఏర్పాటు చేయించెను. సముద్రము దాటిపోయిన సాక్షులను మరల న్యాయస్థానమునకు రప్పించినట్లయ్యెను.

తిరిగి వచ్చిన పిదప చెన్నపట్టణమున పెక్కు ఉద్యోగములు చేసెను. కొంతకాలము తపాలా శాఖకు అధిపతిగను ఉండెను. ఆ వివరములు మనకు ముఖ్యములు కావు. పగలు కచేరి పని, మిగిలిన వేళ తెలుగు పని. 1840లో తెలుగు వ్యాకరణము వెలువడెను. 1844లో వసుచరిత్రమును, 1851లో మనుచరిత్రమును జూలూరి అప్పయ్యగారి వ్యాఖ్యలతో అచ్చు వేయించెను. ఆ కావ్యములను అంతవరకు తాళపత్రములలో తడుముకొనుచున్న పాఠకునకు, పరిష్కృతమైన పాఠము చేతికందెను.

ఆయన కృషిలో శిఖరము 1852లో వెలువడిన తెలుగు–ఆంగ్ల నిఘంటువు. పదమున కర్థము వ్రాయునప్పుడు పూర్వపు నిఘంటువులను చూచి వ్రాసినచో పని తేలిక. కాని అది తల్లిప్రతిని చూచి ప్రతి వ్రాసినట్లే. పాత తప్పు క్రొత్త పుస్తకములోనికి వచ్చి కూర్చుండును. బ్రౌను పదమును కావ్యములలో వెదకించెను; అంతటితో నిలువక ప్రజల నోట వినెను. న్యాయస్థానములకు వచ్చు అర్జీలు, ఉత్తరములు, బజారు మాటలు అన్నియు ఆయనకు సాక్షులే. కావ్యములలో లేని వాడుక మాటలు నిఘంటువున చేరుట పండితులలో కొందరికి నచ్చలేదు. ప్రజలు పలుకుచున్న మాట భాషలో లేదనుట ఎట్లు పొసగునని ఆయన పట్టుబట్టెను. కచేరీలలో వాడుకయందున్న పారసీక, హిందూస్తానీ మాటలకు 1854లో వేరుగా మిశ్రభాషా నిఘంటువునే కూర్చెను.

బ్రౌను పనిలో లోపములు లేకపోలేదు. తుదితీర్పు తనదే యగుటచే, తనకు రుచింపని పద్యములను ప్రక్కకు నెట్టినదియు కలదు. కొన్ని పదముల పుట్టుకను గూర్చి ఆయన చెప్పినది తరువాతివారు అంగీకరింపలేదు. ఎందరు పండితులను ఎదురెదురుగా కూర్చుండబెట్టినను, వారందరిమీదను ఉన్న బ్రౌనును పరీక్షించువాడు ఆనాడు లేడు.

ఆరోగ్యము క్షీణింపగా 1855లో ఉద్యోగము చాలించి లండను చేరెను. వెడలుటకు ముందే తాను జీవితమంతయు కూర్చిన వ్రాతప్రతులను చెన్నపట్టణపు సాహిత్య సంఘమున కొసగియుండెను. అవి తరువాత అచ్చటి ప్రాచ్యలిఖిత గ్రంథాలయమునకు చేరి, నేటికిని పరిశోధకులకు ఉపయోగపడుచున్నవి. వృద్ధాప్యమున లండను విశ్వవిద్యాలయమున కొంతకాలము తెలుగు ఆచార్యుడుగా నుండెను. 1884వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన, తన 86 ఏండ్ల వయసున ఆ నగరముననే మరణించెను. ఆయనకు పెండ్లి లేదు, బిడ్డలు లేరు. కడపలో ఆయన బంగళా ఉండిన స్థలమున నేడు ఆయన పేర భాషాపరిశోధన కేంద్రమును గ్రంథాలయమును కలవు. దానికొరకు జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పడిన శ్రమ గొప్పది.

ఆయన నిఘంటువు నా బల్లమీద నున్నది. ఇది 1852 నాటి మొదటి కూర్పు కాదు. బ్రౌను మరణించిన పందొమ్మిది సంవత్సరములకు, 1903లో, రెండవ కూర్పు వెలువడెను. అచ్చున కిచ్చుటకు ముందు దానిని మొదటినుండి తుదివరకు పరీక్షించి దిద్దుటకు మువ్వురు కూర్చుండిరి. ఒకరు ఎం. వెంకటరత్నము, ఒకరు డబ్ల్యు. హెచ్. క్యాంబెల్, మూడవవారు కందుకూరి వీరేశలింగము పంతులు. దొరగారి పలకను ఈ మువ్వురు అందుకొనిరి.